నడుస్తున్న ప్రోగ్రాం తనను తాను మార్చుకుంటే

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పూర్వ విద్యార్థుల సభలో మైకు చేతికొస్తే బడి రోజుల గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్లు ఉదయం నుంచి చేస్తూనే ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "నువ్వు చేసే పని గురించి చెప్పు, మాకు అర్థమయ్యేటట్టు చెప్పు" అన్నారు. రెండో షరతే కష్టం. నేను బెంగళూరులో ఇన్నేళ్లుగా చేస్తున్నది శబ్దం పని. మైకులో పడిన శబ్దాన్ని అంకెలుగా మార్చి, ఆ అంకెల మీద లెక్కలు చేసి, మళ్లీ స్పీకరుకు పంపే యంత్రాలు, ప్రోగ్రాములు. అందులో ఒక చిన్న మూల గురించి ఈరోజు చెబుతాను. చిన్న మూలే గానీ, దానివల్ల ఒక మైక్‌సెట్టు ఆయనకు రావాల్సిన డబ్బు ఆగిపోవడం నేను కళ్లారా చూశాను. పైగా ఆ ప్రోగ్రామింగే ఇప్పుడు మన బడి ల్యాబులో పిల్లలు నేర్చుకుంటున్నారు. అందుకే ఇది ఇక్కడే చెప్పాలనిపించింది.

ప్రోగ్రాం అంటే మామూలుగా వరసగా రాసిన వాక్యాలు. శబ్దం పనిలో ఇంకో పద్ధతి ఉంది. తెర మీద చిన్న చిన్న పెట్టెలు పెడతాం. ఒక పెట్టె స్వరం పుట్టిస్తుంది. ఇంకోటి దాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది. మరోటి స్పీకరుకు పంపుతుంది. పెట్టెకూ పెట్టెకూ మధ్య మౌసుతో తీగ లాగుతాం. అంతే, ప్రోగ్రాం అయిపోయింది. పెండ్లి పందిట్లో మైక్‌సెట్టు వాళ్లు మిక్సరుకూ యాంప్లిఫైయరుకూ వైర్లు కలిపినట్టే. ఇలా కలిపిన బొమ్మను ప్యాచ్ అంటారు.

ఈ పద్ధతికి పెద్ద దిక్కు మిల్లర్ పకెట్ అనే అమెరికా ఆయన. 1980ల నడుమ పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో పనిచేస్తూ 'మాక్స్' అనే ప్రోగ్రాం రాశాడు. 1957లో బెల్ ల్యాబ్స్‌లో కంప్యూటరు చేత సంగీతం పలికించిన మాక్స్ మాథ్యూస్ పేరు దానికి పెట్టుకున్నారు. మాక్స్ తర్వాత అంగట్లో సరుకైంది. పకెట్ 1996లో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి ప్యూర్ డేటా అని ఇంకోటి రాసి, ఉచితంగా లోకానికి ఇచ్చేశాడు. అందరూ ముద్దుగా పీడీ అంటారు. మన ల్యాబులో సంఘం తరఫున వేయించింది ఇదే. పైసా ఖర్చు లేదు, పాత కంప్యూటర్ల మీద కూడా నడుస్తుంది.

ఇక్కడొక తమాషా ఉంది. పీడీలో ప్యాచ్‌ను సేవ్ చేస్తే అది బొమ్మగా సేవ్ కాదు. మామూలు అక్షరాల ఫైలుగా సేవ్ అవుతుంది. "ఫలానా చోట ఫలానా పెట్టె పెట్టు", "సున్నా నంబరు పెట్టె నుంచి ఒకటో నంబరు పెట్టెకు తీగ కలుపు" అని లైను లైనుగా ఆదేశాలుంటాయి. ఫైలు తెరిచినప్పుడు పీడీ వాటిని ఒక్కొక్కటే పాటిస్తూ బొమ్మ గీస్తుంది. సరిగ్గా ఇవే ఆదేశాలను, ప్రోగ్రాం నడుస్తుండగా, ఆ ప్రోగ్రాంలోని ఒక పెట్టె నుంచే పంపొచ్చు. అంటే ప్రోగ్రామే తనలో కొత్త పెట్టెలు పెట్టుకుంటుంది, తీగలు లాక్కుంటుంది, తుడిచేసుకుంటుంది. మనిషి చెయ్యి అక్కర్లేదు. మొదటిసారి చూసినవాళ్లకు ఒళ్లు పులకరిస్తుంది. తెర మీద ఒక్క పెట్టె ఉంటుంది, బటన్ నొక్కితే వంద పెట్టెలు చీమల బారులాగా వచ్చేస్తాయి. పిల్లలు దాన్ని కనిపెట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు. ల్యాబులో ఇప్పటికే అడుగుతున్నారు.

ప్రోగ్రాం తనను తాను దిద్దుకోవడం కంప్యూటర్లంత పాతది. 1949 మేలో కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ అనే యంత్రం మొదలైంది. వంద అంకెల జాబితా కూడాలంటే, "ఫలానా గదిలోని అంకెను కూడు" అనే ఆదేశంలో గది నంబరును ప్రోగ్రామే ప్రతిసారీ ఒకటి పెంచి తిరగరాసుకునేది. ఆ యంత్రంలో అంతకంటే వేరే దారి లేదు. అదే ఏడాది మాంచెస్టర్ వాళ్ల యంత్రంలో ఇండెక్స్ రిజిస్టర్ అని ఒక చిన్న గది విడిగా పెట్టారు. పెరిగే అంకె ఆ గదిలో పెరుగుతుంది, ఆదేశం మాత్రం రాసింది రాసినట్టే ఉంటుంది. చూడటానికి చిన్న మార్పు. దాంతో ప్రోగ్రాములు తమను తాము తిరగరాసుకోవాల్సిన అవసరం చాలావరకు తీరిపోయింది. మిగతా కంప్యూటరు లోకం అప్పుడే వదిలించుకున్న అలవాటు, ఈ బొమ్మల ప్రోగ్రామింగ్‌లోకి దొడ్డిదారిన మళ్లీ వచ్చింది.

శబ్దం దగ్గర ఇది ఎందుకు ఎక్కువ ఇబ్బందో చెబుతాను. శబ్దానికి ఓపిక లేదు. జీతాల లెక్క వేసే ప్రోగ్రాం అర సెకను ఆలస్యమైతే ఎవరికీ తెలియదు. స్పీకరుకు మాత్రం సెకనుకు 44,100 అంకెలు, ఒక్కటి తగ్గకుండా, అందుతూ ఉండాలి. పీడీ వాటిని 64 చొప్పున కట్టలు కట్టి తయారు చేస్తుంది. ఒక్కో కట్టకు దొరికే సమయం 1.45 మిల్లీసెకన్లు. కాస్త నిల్వ ముందుగా ఉంచుకుంటుంది గానీ, అది కుండలో నీళ్ల లాంటిది, ఎంతోసేపు రాదు.

శబ్దం పెట్టెను కొత్తగా ఒకటి పెట్టినా, శబ్దం తీగ ఒకటి కలిపినా, ఏ పెట్టె లెక్క ముందు చేయాలి, ఏది తర్వాత అనే వరసను పీడీ మొత్తం మళ్లీ వేసుకుంటుంది. కలిపిన తీగ ఒక్కటే కదా అని ఆ ఒక్కదాని వరకే చూసుకోదు. తెరిచి ఉన్న ప్యాచ్‌లన్నిటి వరసా మొదటి నుంచి కడుతుంది. వంద తీగలు కలిపితే వందసార్లు. చిన్న ప్యాచ్‌లో ఇది తెలియను కూడా తెలియదు. పెద్ద ప్యాచ్‌లో కుండ ఖాళీ అవుతుంది, స్పీకరులో 'టక్' మంటుంది.

మన పొలాల్లో డ్రిప్పు పైపులు వేస్తాం కదా. మోటరు నడుస్తుండగా మెయిన్ పైపు కోసి కొత్త లైను అతికించేవాడిని నేను కంబదూరు చుట్టుపక్కల చూడలేదు. విత్తనానికి ముందే పైపులన్నీ పరుస్తాం. ఎక్కడికక్కడ వాల్వు పెడతాం. బోరులో నీళ్లెంతుంటే అన్ని వాల్వులు తిప్పుతాం. నీళ్లు తగ్గితే వాల్వు కడతాం గానీ పైపు పీకం. శబ్దం ప్రోగ్రాం రాసేవాడికి నేను చెప్పేది ఇంతకంటే పెద్దగా ఏమీ లేదు. ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే బెంగళూరు సంగతి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట అక్కడ ఒక సంస్థ శబ్దాల ప్రదర్శన పెట్టింది. పేరు అవసరం లేదు. చీకటి గదిలో చుట్టూ స్పీకర్లు. ఎండిపోయిన చెరువు, దాని మీదికి వాన రావడం, అదీ విషయం. నాలాంటి అనంతపురం వాడికి చెప్పాలా ఆ సంగతి! గదిలో ఎప్పుడూ వినిపించే శబ్దాలు ఎనిమిది. గాలి, దూరంగా మేకల మెడ గంటలు, ఇలాంటివి. మనిషి లోపలికి అడుగుపెడితే అతని కోసం ఒక కొత్త గొంతు మొదలవుతుంది, బయటికి పోతే ఆగిపోతుంది. ఆలోచన చాలా బాగుంది. ప్రోగ్రాం రాసిన కుర్రాడు తెలివైనవాడు, పీడీలో రాశాడు. మనిషి వచ్చినప్పుడల్లా ప్రోగ్రామే ఒక కొత్త పెట్టె పెట్టుకుంటుంది. పోయినప్పుడు తీసేయాలి. తీసేయడంలోనే చిక్కు. పీడీలో నడుస్తున్న ప్యాచ్‌లోంచి ఒకే ఒక్క పెట్టెను తీసేయడానికి చాలాకాలం నేరైన ఆదేశం లేదు. మౌసుతో ఎంచి కత్తిరించినట్టు నటించే ఆదేశాలు పంపాలి, లేదా ఆ కిటికీలో ఉన్నదంతా తుడిచేసి మిగిలినవాళ్ల పెట్టెలు మళ్లీ పెట్టాలి. అతను రెండోది ఎంచుకున్నాడు.

శుక్రవారం నలుగురైదుగురు వచ్చారు, అంతా బాగుంది. శనివారం జనం పెరిగారు. ఒకరు బయటికి పోతే లోపలున్న ముప్పైమంది గొంతులూ తెగి మళ్లీ అతుక్కునేవి. టక్, టక్. ఆదివారం సాయంత్రానికి ఇంకో జబ్బు మొదలైంది. గాలి శబ్దం పగిలిపోతోంది, స్పీకరు చినిగినట్టు. నిర్వాహకులు చూసినవి రెండే. లోపల కంప్యూటరులో ప్రోగ్రాం మారలేదు, ఎవరూ ముట్టుకోలేదు. బయట యాంప్లిఫైయర్లు, స్పీకర్లు అద్దెకు తెచ్చినవి. కాబట్టి తప్పు అద్దె పెట్టెలదే. ఆయన రెండో యాంప్లిఫైయరు తెచ్చి మార్చాడు. అయినా పగులుతోంది. మూడు రోజుల అద్దె ఆపేశారు. ఇంకా స్పీకర్లు పాడయ్యాయేమోనని ఆయన భయం ఆయనది.

నన్ను పిలిచింది సోమవారం. నేను పోయేసరికి ఆయన వరండాలో వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాడు. యాస వినగానే తెలిసిపోయింది, కళ్యాణదుర్గం వైపు. "నా పెట్టెలు బాగుండాయన్నా. మొన్న పెండ్లిలో ఇవే కట్టింది. కంప్యూటరోళ్లు చెప్తే అదే మాటంట, నేను చెప్తే కాదంట" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా.

లోపల నాకు దొరికింది ఇది. ఆ ఎనిమిది శబ్దాల పెట్టెలను కూడా ప్రోగ్రామే పొద్దున తెరవగానే పెట్టుకుంటుంది. ఒక్కో పెట్టెలోనే స్పీకరుకు పోయే దారి ఉంది కాబట్టి తీగలు కూడా అక్కర్లేదు. సాయంత్రం గది మూసేటప్పుడు అక్కడి సిబ్బందిలో ఎవరో, అందరం చేసే పనే, సేవ్ నొక్కి మూశారు. ప్రోగ్రాం పెట్టుకున్న ఎనిమిది పెట్టెలు ఫైలులోకి ఎక్కాయి. మరుసటి పొద్దున తెరిస్తే ఫైలులోవి ఎనిమిది, ప్రోగ్రాం కొత్తగా పెట్టుకున్నవి ఎనిమిది, మొత్తం పదహారు. మళ్లీ సేవ్. మూడో రోజుకు ఇరవై నాలుగు. అన్నీ ఒకే క్షణాన మొదలై ఒకే గాలిని ఊదుతున్నాయి. రెండింతలైతే ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది, మూడింతలైతే తొమ్మిదిన్నర. కంప్యూటరు ఇవ్వగలిగిన గరిష్ఠం దాటిపోయి, శిఖరాలు కత్తిరించుకుపోయి, అప్పటికే పగిలిన శబ్దం యాంప్లిఫైయరుకు వెళ్తోంది. పాపం ఆయన పెట్టెలు పగిలిన శబ్దాన్ని నమ్మకంగా, యథాతథంగా వినిపించాయి.

రుజువు చేయడం తేలికైంది, ఎందుకంటే ఫైలు అక్షరాల ఫైలు. కుర్రాడి దగ్గర పెన్‌డ్రైవులో మొదటి రోజు ఫైలు ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి తెరిచి చూపించాను. అదే పెట్టె పేరు ఒక దాంట్లో కనబడదు, రెండో దాంట్లో వరసగా ఎక్కి ఉంది. కంప్యూటరుకు నేరుగా హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాను. యాంప్లిఫైయరు లేకుండానే పగులుతోంది. ఆ సాయంత్రమే ఆయన డబ్బు ఆయనకు ఇచ్చారు. రెండో యాంప్లిఫైయరు తెచ్చిన ఆటో ఖర్చు మాత్రం ఇచ్చారో లేదో నాకు అనుమానమే.

మొదటి జబ్బుకు, ఆ టక్ టక్‌కు, అలాంటి రుజువు లేదు. శనివారం రాత్రి ఎనిమిదికి ఆ గదిలో నడిచిన ప్రోగ్రాం ఏ ఫైలులోనూ లేదు. ఎంతమంది వచ్చారో, ఏ వరసలో పోయారో, దాన్నిబట్టి అది అప్పటికప్పుడు తయారై తుడుచుకుపోయింది. నేను అర్థం చేసుకుని చెప్పగలిగాను గానీ ఇదిగో అని చూపించలేకపోయాను. తనను తాను మార్చుకునే ప్రోగ్రాంలో నాకు అసలైన బెడద ఇదే. టక్ మనడం చిన్న సంగతి. తప్పు జరిగాక, తప్పు జరిగిన ప్రోగ్రాం ఉండదు. కుర్రాడు రాసింది వేరు, నడిచింది వేరు, మర్నాడు మనం తెరిచి చూసేది మూడోది. అలాంటప్పుడు నింద ఎటు పోతుంది? కళ్లకు కనబడే, చేతికి దొరికే, ఎదురు మాట్లాడలేని వాడి మీదికి పోతుంది.

ఇంకా కొన్ని గుంటలున్నాయి, పిల్లల కోసం చెబుతాను. పెద్దలు కాసేపు ఓర్చుకోండి.

పీడీలో పెట్టెలకు పేర్లు లేవు, నంబర్లున్నాయి. ఆ నంబరు కూడా మనం ఇచ్చేది కాదు, కిటికీలో ఎన్నోదిగా పెట్టామన్నదే నంబరు. హాజరు పట్టీలో రోల్ నంబరు లాగా. ఏడో నంబరు పిల్లవాడు టీసీ తీసుకుని వెళ్లిపోయాడనుకోండి. మన బడిలో ఆ గడి ఏడాదంతా ఖాళీగా ఉంటుంది. పీడీలో ఎనిమిదోవాడు ఏడు అయిపోతాడు, తొమ్మిదోవాడు ఎనిమిది. "ఏడుకు తీగ కలుపు" అని రాసి పెట్టుకున్న ఆదేశం మాత్రం అలాగే ఉంటుంది. ఇక ఏడో నంబరు మార్కులు ఎనిమిదోవాడికి. ఇందులో ఇంకో విచిత్రం, పక్కన రాసుకున్న వివరణ వాక్యాలకు కూడా నంబర్లుంటాయి. "ఇది వాన శబ్దం" అని రాసుకున్న వాక్యాన్ని, అక్కర్లేదని చెరిపేస్తే, వాన శబ్దం పోవచ్చు. నమ్మకపోతే ల్యాబులో చేసి చూడండి. మాక్స్‌లో ఈ ఇబ్బంది కొంత తక్కువ, అక్కడ పెట్టెకు పేరు పెట్టి పేరుతోనే ఆదేశం పంపొచ్చు.

పీడీలో పేరు ఉన్నది లోపలి కిటికీలకు. అక్కడ ఇంకో గుంట. ఒకే పేరుతో రెండు కిటికీలు తెరిచి ఉంటే, ఆ పేరుకు పంపిన ఆదేశం రెండింటికీ పోతుంది. మా క్లాసులో ఇద్దరు ఆంజనేయులు ఉంటే హాజరప్పుడు ఇద్దరూ లేచి నిలబడేవాళ్లు. ఇద్దరూ కూర్చునేదాకా సార్ చూసేవారు. పీడీ చూడదు, ఇద్దరి చేతా పని చేయిస్తుంది.

అన్నిటికంటే ఘోరమైనది ఒకటుంది. ఒక కిటికీలో ఉన్న పెట్టె, "ఈ కిటికీలో ఉన్నదంతా తుడిచెయ్" అని ఆదేశం పంపుతుంది. ఆ ఆదేశం పంపుతున్న పెట్టె కూడా ఆ కిటికీలోనే ఉంది. పని సగంలో ఉండగా పని చేస్తున్నవాడే మాయం. ప్రోగ్రాం మొత్తం కూలిపోవచ్చు. కాళిదాసు కూర్చున్న కొమ్మ నరుక్కున్న కథ మనకు నాలుగో తరగతిలోనే తెలుసు. తుడిచే పెట్టె ఎప్పుడూ తుడవబడే కిటికీకి బయట ఉండాలి.

మరి తుడిచి మళ్లీ పెడితే ఏం పోయింది అంటారా? జ్ఞాపకం పోతుంది. ప్రతిధ్వని పెట్టె తనలో గడిచిన కాస్త సమయాన్ని దాచుకుని ఉంటుంది. దాన్ని తీసేసి అచ్చం అలాంటిదే పెడితే, కొత్తది ఖాళీ బుర్రతో మొదలవుతుంది. శబ్దం తెగినట్టు వినబడేది సగం అందుకే.

బెంగళూరు ప్రదర్శన ఎలా బాగుపడింది? 2016లో వచ్చిన పీడీ 0.47 నుంచి 'క్లోన్' అనే పెట్టె ఉంది. ఒకే రకం గొంతులు ముప్పై రెండు కావాలంటే, తెరిచేటప్పుడే ముప్పై రెండూ చేసి పెట్టేస్తుంది. కుర్రాడు మొదట చూసి నేర్చుకున్న ఉదాహరణలు క్లోన్ రాకముందువి, అందుకే ఆ దారి పట్టాడు. ఒక్కో గొంతుకు లోపల ఒక స్విచ్ పెట్టాం. స్విచ్ ఆపిన గొంతు లెక్కలు చేయదు, కాబట్టి కంప్యూటరుకు బరువు లేదు. మనిషి వస్తే స్విచ్ వేయి. పోతే ఐదో వంతు సెకనులో మెల్లగా తగ్గించి స్విచ్ ఆపు. తీగ ఒక్కటి కూడా కదలదు. ముప్పై మూడో మనిషి వస్తే? అందరికంటే ముందు వచ్చినవాడి గొంతు ఇతనికి ఇస్తాం. ఇది గొప్ప పరిష్కారం కాదు. కానీ ఏం జరుగుతుందో ముందే నిర్ణయమైంది, కాగితం మీద ఉంది. తెరవకముందే ముప్పై రెండూ ఒకేసారి వేసి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిపి చూడొచ్చు. తిరునాళ్లకు ఎంతమంది వస్తారో అంచనా వేసి పొయ్యిలు తవ్వినట్టు. తెరవడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, మెమరీ ఎక్కువ తింటుంది. ఆ ధర నాకు సమ్మతమే.

ఇక్కడ మన రాయలసీమ పెద్దాయన ఒకరిని తలుచుకోవాలి. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన డాక్టర్ రాజ్ రెడ్డి గారు, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆయన పని కూడా శబ్దమే, మనిషి మాటను కంప్యూటరుకు అర్థం చేయించడం. 1970లలో అమెరికా రక్షణ శాఖ పరిశోధన విభాగం ఒక పరీక్ష పెట్టింది. వెయ్యి మాటల పదకోశంతో మాట్లాడితే యంత్రం గుర్తుపట్టాలి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం దగ్గర రెండు దారులున్నాయి. హియర్‌సే-2లో ఒక నల్లబల్ల లాంటిది ఉంటుంది. దాని మీద పలు రకాల జ్ఞానమున్న భాగాలు వింటున్నప్పుడే ఊహలు రాస్తూ దిద్దుతూ పోతాయి. హార్పీ అలా కాదు. ఆయన విద్యార్థి బ్రూస్ లోవెరె చేసినది. పలకగలిగే వాక్యాల దారులన్నిటినీ ముందే ఒకే పెద్ద అల్లికగా కట్టేశారు. మాట వినబడినప్పుడు ఆ అల్లికలో మంచి దారి వెతుక్కోవడమే పని. 1976లో 1,011 మాటల పరీక్షలో లక్ష్యం అందుకున్నది హార్పీ. వీటిలో ఏదీ తన ప్రోగ్రాంను తిరగరాసుకునే రకం కాదు, పోలిక అంతదాకా లాగను. హియర్‌సే ఆలోచన కూడా తర్వాత చాలా చోట్ల పనికొచ్చింది. కానీ సమయం తరుముతున్నప్పుడు దారులు ముందే వేసి ఉంచడం ఎంత బలమో నాకు హార్పీ గుర్తు చేస్తుంది.

అయితే ప్రోగ్రాం తనను తాను కట్టుకోవడం ఎప్పుడూ తప్పేనా? కాదు. శబ్దం మొదలుకాకముందు, తెరిచేటప్పుడు, ఉన్నదంతా ఒకసారి తుడిచి, ఒకసారి కట్టుకుని, ఇక ముట్టుకోకపోతే ఏ ఇబ్బందీ లేదు. రెండొందల పెట్టెలు మౌసుతో పెట్టడం ఏ మనిషికీ శిక్షగా వేయకూడదు. ఆ తుడవడం ముందుగా ఉండి ఉంటే బెంగళూరులో ఇరవై నాలుగు అయ్యేవే కావు. ఇంకో రకం ఉంది. లైవ్ కోడింగ్ అని, ప్రేక్షకుల ముందే ప్రోగ్రాం రాస్తూ మారుస్తూ సంగీతం వాయిస్తారు. వాళ్లకు టాప్‌లాప్ అని 2004 నుంచి ఒక బృందం కూడా ఉంది. తెర అందరికీ చూపిస్తారు. అక్కడ మార్పు చేసేది మనిషి, చూసేది వందమంది, టక్ మన్నా అది ఆటలో భాగం. నాకు ఇష్టమే. 1996లోనే జేమ్స్ మెకార్ట్నీ రాసిన సూపర్‌కొలైడర్ ఈ పనికి బాగా కుదురుతుంది. అక్కడ ఒక్కో గొంతు లోపలి అల్లిక ముందే గట్టిగా కట్టి ఉంటుంది. నడుస్తుండగా మొత్తం గొంతును పెట్టొచ్చు, తీయొచ్చు. వాల్వుల దగ్గర మాత్రమే తిప్పినట్టు.

నేను వద్దనేది ఒక్కదాన్నే. మనిషి పక్కన లేనప్పుడు, శబ్దం నడుస్తుండగా, తనను తాను కోసుకుని అతికించుకునే ప్రోగ్రాంను జనం మధ్య వదిలేయడం.

ఇక ల్యాబు సంగతి. అక్కడ తంబూర ఫైలు ఒకటి పెట్టాను. ప్రార్థనకు, వార్షికోత్సవానికి శ్రుతి కోసం వాడుకోవచ్చు. తంబూరకు నాలుగు తంత్రులు. సారణి, అనుసారణి రెండూ షడ్జమం. ఫైలులో ఒకటో శ్రుతికి దాన్ని 261.6 హెర్ట్జ్‌గా పెట్టాను. పంచమం తంత్రి దానికి ముప్పావు, అంటే 196.2. మంద్రం సగం, 130.8. హిందోళం లాంటి పంచమం లేని రాగమైతే పంచమం తంత్రిని మధ్యమానికి దించాలి, సారణికి మూడింట రెండు వంతులు, 174.4. వేదిక మీద తంబూర వాయించేవాళ్లు ఇందుకోసం తంత్రి పీకి కొత్త తంత్రి కట్టరు, బిరడా తిప్పుతారు. ఫైలులో కూడా అంతే, నాలుగు తంత్రులకు నాలుగు పెట్టెలు ఎప్పుడూ ఉంటాయి, మారేది అంకె. పిల్లల్లో ఒకరు మీటిన ప్రతిసారీ కొత్త పెట్టె పుట్టేటట్టు చేస్తే ఎలా ఉంటుందని చూశారట. సెకనుకు ఒక మీటు చొప్పున గంటకు 3,600 పెట్టెలు. ఆ ఫైలును నేను తీసేయలేదు, పక్కనే ఉంచాను. నడిపి, ఎన్ని నిమిషాలకు టక్ మంటుందో పుస్తకంలో రాసిపెట్టమని చెప్పాను. ఒక్కో కంప్యూటరుకు ఒక్కో లెక్క వస్తుంది.

రెండు నియమాలు మాత్రం గోడ మీద అంటించాం. జనం ముందు వాడే ఫైలును పెన్‌డ్రైవులో, సేవ్ చేయడానికి వీల్లేకుండా చేసి ఉంచాలి. కార్యక్రమం రోజున శబ్దం పగిలితే, మైక్‌సెట్టు ఆయన్ను పిలిచే ముందు కంప్యూటరుకు హెడ్‌ఫోన్లు పెట్టి వినాలి.

తంబూరలో నాకు కుదరనిది ఒకటి మిగిలింది. తంత్రి కింద దారం పెడితే వచ్చే ఆ జీరధ్వని. నేను చేసింది తుమ్మెద లాగా మోగుతోందని మా ఇంట్లోనే అన్నారు. సంగీతం నేర్చుకున్న పూర్వ విద్యార్థులు ఈ సభలో కొందరైనా ఉంటారు. భోజనాల తర్వాత ల్యాబు తెరిచి ఉంటుంది, వచ్చి విని ఏది తక్కువైందో చెప్పండి. హెడ్‌ఫోన్లు మూడే ఉన్నాయి, వంతులేసుకుని వినాలి.